పైకెక్కే ముందు అడిగే మాట

బహ్రెయిన్ వెళ్ళొచ్చానని చెబితే మా అపార్ట్‌మెంటులో అందరూ "దుబాయి ఎలా ఉంది?" అనే అడుగుతున్నారు. మొదట్లో ఒకరిద్దరికి ఫోనులో మ్యాపు తీసి చూపించాను. సౌదీ పక్కన నీళ్ళలో చిన్న చుక్క, ఈ కొస నుంచి ఆ కొసకి కారులో గంట పడుతుంది, దుబాయి వేరే దేశంలో ఉంది అని. తర్వాత మానేశాను. పాతికేళ్ళుగా బహ్రెయిన్‌లోనే ఉంటున్న మల్లేశం భార్యే "మా ఆయన దుబాయిల ఉంటడు" అని చెబుతుందట. ఇక మా పై ఫ్లాటు సరస్వతిగారిని తప్పుపట్టడం దేనికి.

మల్లేశం ఎవరో చెప్పాలంటే ముందు నా పనేమిటో చెప్పాలి. అది మా చుట్టాలకే ఇంతవరకు సరిగ్గా అర్థం కాలేదు. ముప్పై ఏళ్ళు హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాను. మధ్య మధ్యలో కంపెనీలకీ ఆసుపత్రులకీ బ్యాంకులకీ సలహాలిచ్చాను. మామూలు సలహాదారులు వచ్చి సంస్థలో ఏం చెడిందో వెతుకుతారు. నేను వెళ్ళి ఏం బాగుందో వెతుకుతాను. పని బాగా జరిగిన రోజు ఎలా జరిగిందో మనుషుల నోటితోనే చెప్పించి, అలాంటి రోజులు ఎక్కువయ్యేలా చూడటం నా శాస్త్రం. మా ఆయన దీన్ని ఇంకోలా చెబుతారు. ఇల్లంతా కారుతుంటే, కారని గదిలో కూర్చుని గోడల్ని మెచ్చుకునే ఉద్యోగమట.

ఈ దారిలో నన్ను పెట్టింది మా గురువుగారు. ఏం తప్పు జరిగిందని అడిగితే మనిషి తల దించుకుంటాడమ్మా, ఏం బాగా జరిగిందని అడిగి చూడు, తలెత్తుతాడు అనేవారు. ఆ ఒక్క ప్రశ్న పట్టుకునే నేను పద్దెనిమిదేళ్ళ కిందట మొదటిసారి బహ్రెయిన్ వెళ్ళాను. ఒక నిర్మాణ కంపెనీవాళ్ళు పిలిచారు. మూడు నెలలు రాజధాని మనామాలో, హూరా అనే పేటలో అద్దె గదిలో ఉండి, రోజూ సైటుకు వెళ్ళి పనివాళ్ళతో మాట్లాడాను. అక్కడ దొరికాడు మల్లేశం, జగిత్యాల వైపు మనిషి. ఇనప పైపులతో గోడ పక్కన మంచెలు కట్టే గ్యాంగుకి మేస్త్రీ. తొమ్మిది మంది గ్యాంగు. వాళ్ళ పని ఎప్పుడూ వెనకబడేది కాదు, నేనున్నన్నాళ్ళూ ఒక్కరికీ దెబ్బ తగల్లేదు.

కారణం కూడా కళ్ళారా చూశాను. పొద్దున పైపులెక్కే ముందు మల్లేశం వాళ్ళని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కడి ముందూ ఆగి "ఇంటి కబురు మంచిదేనా?" అని అడిగేవాడు. "మంచిదే" అన్నవాడు పైకెక్కుతాడు. అనలేనివాడు ఆ రోజు కింద ఉండి పైపులు అందిస్తాడు, బిగింపులు ఏరి పెడతాడు. ఏమైందని ఎవరూ అడగరు, జీతం కోత లేదు. అంతే పద్ధతి. దాన్ని రాసుకుని వచ్చి వ్యాసం చేశాను, పుస్తకం చేశాను. ఆ పుస్తకమే నన్ను ఊళ్ళు తిప్పింది. పుణేలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర నవ్వుమొహం, ఏడుపుమొహం బొమ్మలతో బోర్డు పెట్టారు, లోపలికి వెళ్ళేవాళ్ళు ఏదో ఒకటి నొక్కాలి. కోయంబత్తూరులో ఒక మిల్లువాళ్ళయితే దానికో బెల్లు కూడా పెట్టారు. అన్నిచోట్లా దాని పేరు మల్లేశం పద్ధతి. మల్లేశం మంచి మనసులోంచి పుట్టిన పద్ధతి అని నేను వందలసార్లు చెప్పి ఉంటాను.

ఈ శీతాకాలం మనామా నుంచే పిలుపొచ్చింది. మేనేజర్లకి ఒక రోజు శిక్షణ. నాకు అరవై వచ్చాయి, ఇదే ఆఖరి పని అని ముందే ఒప్పుకున్నాను. మొదలుపెట్టిన చోటే ముగించడం బాగుంటుందనిపించింది. మల్లేశాన్ని వేదిక మీద నిలబెట్టి, మనిషి ఇదిగో అని చూపించాలని ఆశపడ్డాను.

హూరాలో సముద్రం జరిగిపోయింది

హోటలు హూరాలోనే ఇచ్చారు. సూట్‌కేసు తెరిచేసరికి గుప్పున వాసన. మల్లేశానికని తెచ్చిన ఆవకాయ సీసా మూత వదులై, నూనె మొత్తం నా ఉపన్యాసం కాగితాల మీద పడింది. రెండు నెలలు కూర్చుని రాసుకున్న కాగితాలు ఎర్రగా, పారదర్శకంగా తయారయ్యాయి. చీరలకి మాత్రం ఒక్క చుక్క అంటలేదు. ఆవకాయకి కూడా చదువంటే గౌరవం లేదు.

కాగితాలు కిటికీలో ఆరబెట్టి, నా పాత గది చూడటానికి బయల్దేరాను. వీధి పేరు గుర్తుంది, దర్జీ కొట్టు పక్క సందు అనీ గుర్తుంది. తీరా చూస్తే ఆ వీధిలో ఐదు దర్జీ కొట్లు. అరగంట తిరిగి, కాదని తెలిసిన బిల్డింగు ముందు కూడా నిలబడి జ్ఞాపకాలు తెచ్చుకున్నాను. అసలుది దొరికాక ఆశ్చర్యపోయాను. అప్పట్లో నా కిటికీలోంచి సముద్రం కనిపించేది. ఇప్పుడు కనిపించదు. నీళ్ళు పూడ్చి రోడ్డేశారు, రోడ్డు అవతల మేడలు కట్టారు. సముద్రం ఎటుపోయిందని కింద కొట్టు కేరళ అబ్బాయిని అడిగితే, "అటు జరిగింది మేడం" అన్నాడు, మంచం జరిగిందన్నంత తేలిగ్గా.

రొట్టెల కొట్టు మాత్రం ఉంది. మట్టి పొయ్యిలోంచి చేటంత రొట్టెలు తీసి, పాత న్యూస్‌పేపరులో చుట్టి ఇస్తాడు. అప్పుడు వంద ఫిల్సుకి ఐదిచ్చేవాడు, ఇప్పుడు మూడు. వంద ఫిల్సంటే మన ఇరవై రూపాయల పైచిలుకు. వేడి రొట్టె ముక్క తుంచి నోట్లో పెట్టుకుంటే, చెప్పొద్దూ, కళ్ళు చెమర్చాయి. నలభై రెండేళ్ళ నేను, చేతిలో నోటుబుక్కుతో, ఈ రొట్టె నములుతూ సైటు బస్సు కోసం పరుగెత్తినట్టే ఉంది.

ఆ మూడు నెలల్లో ఒకే ఒక్క చెడ్డ రోజు. ఆ పొద్దున నా గదికి హైదరాబాదు నుంచి ఫోనొచ్చింది. మా గురువుగారు పోయారు. మొహం కడుక్కుని సైటుకి వెళ్ళిపోయాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆయన ఎవరో, నాకేమవుతారో అంతా చెప్పాలి, ఆ ఓపిక లేదు. అప్పటికి మల్లేశం వరస చివర నన్నూ నిలబెట్టి, ఆట పట్టిస్తూ "మేడం, మీ ఇంటి కబురు?" అని అడిగేవాడు. ఆ రోజు కూడా అడిగాడు. మంచిదే అన్నాను. ఆ రోజే నేను పై అంతస్తు ఎక్కి ఫోటోలు తీయాల్సి ఉంది. ఎక్కబోతే మల్లేశం అడ్డొచ్చాడు. "ఇయ్యాల వద్దు మేడం, గాలి మస్తున్నది" అన్నాడు. ఆకు కదలడం లేదు. రోజంతా నన్ను కింద స్టూలు మీద కూర్చోబెట్టి, సైటులో చాయ్ పోసే ఖాజాతో మూడుసార్లు చాయ్ పంపించారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నోటుబుక్కులో రాసుకున్నాను: ఈ రోజు సహకారం లేదు, పరిశోధకురాలిని దూరం పెడుతున్నారు. పనివాళ్ళ నమ్మకం బయటివాళ్ళ మీద ఎలా నిలకడగా ఉండదో చెప్పడానికి ఆ సంగతి నా పుస్తకంలో ఒక పేజీ ఆక్రమించింది. చాలా ఏళ్ళు పాఠం కూడా చెప్పాను.

బుదైయా, టమాటా మడి పక్కన

మల్లేశం ఇప్పుడు మంచెలు కట్టడం లేదు. నడుము నొప్పి మొదలయ్యాక ఊరి బయట బుదైయాలో ఒక పెద్దాయన విల్లాలో తోటపనికి కుదిరాడు. నాకు ప్రతి పొద్దునా వాట్సాప్‌లో గులాబీ బొమ్మ, దాని కింద శుభోదయం పంపిస్తాడు. పద్దెనిమిదేళ్ళలో నేను ఒక్కసారి ఫోను చేసింది లేదు. రెండో రోజు టాక్సీ దిగేసరికి గేటు దగ్గర ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నాడు. జుట్టు మొత్తం తెల్లబడింది.

"మల్లేశం గారూ" అన్నాను. పకపకా నవ్వాడు.

"గారు గీరు ఎందుకు మేడం. మల్లేశమనే పిలుస్తుంటిరి గద."

తోటంతా తిప్పి చూపించాడు. ఖర్జూరం చెట్ల మధ్య టమాటా, ముల్లంగి, జర్జీర్ అని ఇక్కడివాళ్ళు చేపలతో నంజుకునే కారపు ఆకు. ఓ మూల గుట్టుగా గోంగూర. ఆ ఇంటి పెద్దమ్మ ఒకసారి దాన్నీ జర్జీర్ లాంటిదే అనుకుని పచ్చిది నమిలి, వారం పాటు మల్లేశంతో మాట్లాడలేదట.

ఇంతలో యజమాని వచ్చాడు. తెల్లటి పొడవు చొక్కా, చేతికర్ర. మల్లేశాన్ని చూసి ఎలా ఉన్నావు, ఏమిటి కబుర్లు, ఇంట్లోవాళ్ళ కబుర్లేమిటి, ఒళ్ళెలా ఉంది అని అరబ్బీలో వరసగా అడిగాడు. మల్లేశం "జేన్ బాబా, జేన్" అంటూ, బాగున్నాను బాబా అని వరసగా జవాబిచ్చాడు. పొద్దున్నుంచీ ఒకే ఆవరణలో ఉన్న మనుషులు. తర్వాత నన్నూ అలాగే నాలుగు ప్రశ్నలు అడిగి, ఐదోదిగా కాఫీ తాగుతారా అన్నాడు. మన దగ్గరైతే భోజనమైందా అని ఒక్క మాట, అక్కడితో సరి. ఇక్కడ కబురు అడక్కుండా పని సంగతి ఎత్తడం మర్యాద కాదు. మల్లేశం తన పద్ధతి వీళ్ళని చూసే నేర్చుకుని ఉంటాడని, ఎల్లుండి ఉపన్యాసంలో ఇది కూడా కలపాలని మనసులో రాసేసుకున్నాను. ముప్పై ఏళ్ళ అలవాటు, ఎక్కడ మంచి కనబడ్డా జేబులో వేసుకుంటాను.

మల్లేశం గదిలో చాప వేసి భోజనం పెట్టాడు. అన్నం, వేయించిన చేప, గోంగూర పచ్చడి. నేను తెచ్చిన ఆవకాయ, అడుగున మిగిలింది. తింటూనే వేదిక సంగతి చెప్పాను. అతని ఫోటోతో బ్యానరు కూడా వేయించారని, ఆ ఫోటో పుస్తకంలోదేనని, పుస్తకం తీసి చూపించాను. గ్యాంగు తొమ్మిది మంది, మధ్యలో అతను.

మల్లేశం కాసేపు చూసి, లేచి, గోడకున్న ఫోటో తీసుకొచ్చి నా పక్కన పెట్టాడు. అదే ఫోటో. ఆ రోజుల్లో నేనే కాపీ ఇచ్చాను. అందులో మాత్రం పది మంది ఉన్నారు. కుడి చివర ఫ్లాస్కు పట్టుకుని, ఒక కాలి మీద బరువు వేసి నవ్వుతున్న మనిషి. పుస్తకం అచ్చయ్యేటప్పుడు ఆ పక్క కత్తిరించమని నేనే చెప్పాను. అతను గ్యాంగు మనిషి కాదు కదా అనుకున్నాను.

"నేను స్టేజి మీదికి రాను మేడం" అన్నాడు మల్లేశం.

"సెలవు దొరకదా?"

"సెలవు దొర్కుతది, బాబా మంచోడు. గా కథ నాది గాదు. ఖాజాది."

"చాయ్ ఖాజాదా?"

"ఆఁ. మీరు రాకముందు ఏడాది ముచ్చట. గప్పుడు ఖాజా చాయ్ పోస్తలేడు. మా గ్యాంగుల అందరికన్న పైకెక్కెటోడు వాడే. ఒక దినం పొద్దుగాల బస్సుల నా పక్కనే కూసున్నడు. కండ్లు ఎర్రగున్నయి. నిద్ర వోలేదేమో అనుకున్న. అడుగుదామనుకున్న గని డ్యూటీ టైమైతున్నదని అడగలే. పదిగొట్టంగ మూడో అంతస్తుకెళ్ళి పడ్డడు."

ముద్ద కంచంలో పెట్టేశాను.

"దవాఖాన్ల తెలిసింది. ముందటి రాత్రే వాని తమ్ముడు బోధన్ల చెరువుల వడి సచ్చిపోయిండని ఫోనచ్చిందట. ఎవ్వలకు చెప్పకుంట అట్లనే పనికచ్చిండు. అడిగితే చెప్తుండె మేడం. నేను అడగలే. మర్నాటి సంది పొద్దుగాల అందర్ని నిలవెట్టి అడుగుడు షురూ చేసిన."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

మల్లేశం నా కంచంలో ఇంకో చేపముక్క వేశాడు. కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు.

"మీరు మంచి దినం ముచ్చట చెప్పుర్రి అన్నరు. మంచి దినం ముచ్చటే చెప్పినం. మీరు శానమందికి చెప్పిన్రట గద, నా బిడ్డ ఫోన్ల చూపెట్టింది. సంతోషమైంది. గని దాంట్ల ఖాజా లేడు."

మా గురువుగారు తలెత్తించే ప్రశ్న ఇచ్చారు. దాన్ని పట్టుకుని నేను పద్దెనిమిదేళ్ళు ఎవరి తల దిగి ఉందో చూడకుండా తిరిగాను. ఆ కాలు ఎందుకు కుంటుతోందని, రోజూ రెండుసార్లు నాకు చాయ్ పోసిన మనిషిని, మూడు నెలల్లో ఒక్కసారి అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఎల్లుండి నేను ఆ బ్యానరు కింద నిలబడి ఏం చెప్పాలో తెలియలేదు. మల్లేశం మంచి మనసు అని చెబితే అబద్ధం, చెప్పకపోతే నా ఇన్నేళ్ళ పనికి పునాదే లేదు. టాక్సీ ఎక్కేటప్పుడు మల్లేశం, ఖాజా ఇప్పుడు నడుపుతున్న చాయ్ కొట్టు ఎక్కడుందో చెప్పి, సంచీ నిండా టమాటాలు ఇచ్చాడు.

ఉమ్మ్ అల్ హస్సామ్‌లో మూడు బల్లల కొట్టు

మూడో రోజు, మనామాలోనే ఉన్న ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ముందు తప్పు కొట్టులోకి వెళ్ళాను. ఖాజా ఉన్నారా అంటే మలయాళీ పెద్దమనిషి తల ఊపి చాయ్ ఇచ్చాడు. అది తాగాక, ఖాజా అంటే తినే ఖాజా, సాయంత్రానికి వస్తాయి అన్నాడు. నూట యాభై ఫిల్సు ఇచ్చి బయటపడ్డాను.

అసలు కొట్టు పక్క వీధిలో ఉంది. మూడు బల్లలు, నాలుగు స్టూళ్ళు, ఒక పెద్ద ఇత్తడి గిన్నె. ఖాజా నన్ను వెంటనే గుర్తుపట్టాడు. చక్కెర తక్కువ అని కూడా గుర్తుంది. గడ్డం నెరిసింది, ఒళ్ళు వచ్చింది, ఎడమకాలు అలాగే ఈడుస్తున్నాడు.

నేను డొంకతిరుగుడు లేకుండా అడిగేశాను. "ఖాజా గారూ, ఆ రోజు ఏం జరిగింది? అప్పుడే అడగాల్సింది, అడగలేదు."

అతను గిన్నె కింద మంట తగ్గించి, వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"రాత్రి ఖబర్ అచ్చింది మేడం. నా తమ్ముడు, పంతొమ్మిదేండ్లోడు. పొద్దుగాల చెప్తే ఏడుస్తనేమో అని చెప్పలే. గంతమంది మొగోళ్ళ నడుమ ఏడ్సుడెట్ల? పైకెక్కితే ఎవ్వలు చూడరనుకున్న. పైన ఏడ్సుకుంట పైపు పట్టుకున్న. పట్టు జారింది."

లేచి గిన్నెలో గరిటె తిప్పి వచ్చాడు. తర్వాత మల్లేశం సంగతి ఎత్తాడు.

"అన్న ఇప్పటికీ తన తప్పే అనుకుంటడు. గాయన అడిగినా నేను ఏం లేదనే అందును కావచ్చు. అన్నకు గది ఎరికే. గందుకే మాట నమ్మకపోతుండె. మొఖం జూసుకుంట అడుగుతుండె. మంచిదే అన్నా గూడ మొఖం బాగలేకపోతే కిందనే ఉంచుతుండె."

ఇది నేను చూసి కూడా చూడలేదు. ఒక్కొక్కడి ముందూ మల్లేశం అంతసేపు ఎందుకు ఆగేవాడో నాకు తట్టలేదు. నేను ప్రశ్న రాసుకున్నాను, జవాబు రాసుకున్నాను. పుణేలో బోర్డు మీద రెండు మొహాల బొమ్మలు వేస్తే మెచ్చుకున్నాను. పొద్దున ఆ బొమ్మల మీద వేలు నొక్కి లోపలికి పోయే మనుషుల మొహాలు చూడటానికి మాత్రం అక్కడ ఎవరూ ఉండరు.

"మీ ముచ్చట యాదికి లేదా మేడం?" అన్నాడు ఖాజా.

"నాదేమిటి?"

"ఒక దినం మీరు మంచిదే అన్నరు. నేను చాయ్ ఇచ్చుకుంట మీ కండ్లు జూసిన. అచ్చం నావి గా దినం ఎట్లుండెనో గట్లనే ఉన్నయి. నేనే అన్నకు చెప్పిన, మేడాన్ని ఎక్కనియ్యకు అని. ఏం చెప్పాల్నో తెల్వక గాలి అని అబద్ధమాడినం. మీకు కోపమచ్చింది గూడ."

సహకారం లేదు అని నేను రాసుకున్న రోజు, వాళ్ళు నన్ను తమ వరసలో మనిషిగా లెక్కపెట్టిన రోజు. ఆ కొట్టులో, పగటి పూట, ఇద్దరు పాకిస్తానీ డ్రైవర్లు పరాటాలు తింటుండగా, నేను ఏడ్చాను. తర్వాత ఖాజాకి మా గురువుగారి గురించి చెప్పాను. ఆయన పేరేమిటని అడిగాడు. చెప్పాను. ఆ పేరు మెల్లగా ఒకసారి పలికి, చేతులు పైకెత్తి లోలోపల ఏదో అనుకుని, మొహం తుడుచుకున్నాడు. ఆయన పోయిన పద్దెనిమిదేళ్ళకి, ఆయన కోసం నా ఎదుట ఒకరు ప్రార్థన చేశారు.

"రేపు నేను ఇదంతా చెప్పొచ్చా?" అని అడిగాను.

"చెప్పుర్రి. నా పేరుతోటి చెప్పుర్రి. షేక్ ఖాజా, బోధన్ మనిషి. పడ్డడని చెప్పుర్రి. ఇప్పుడు చాయ్ కొట్టు పెట్టుకున్నడు, వీసా ఇచ్చే కఫీల్ మంచోడు దొరికిండు, నడుస్తున్నది అని గూడ చెప్పుర్రి. లేకుంటె అందరు పాపం అనుకుంటరు."

చాయ్‌కి పైసలు తీసుకోలేదు. నేను టమాటాలు ఇచ్చాను. మల్లేశం తోటవేనని చూడగానే చెప్పేశాడు.

కాగితాలు లేని పాఠం

నాలుగో రోజు హాల్లోకి వెళ్ళేసరికి బ్యానరు కట్టేసి ఉంది. నిలువెత్తు మల్లేశం, అటూ ఇటూ గ్యాంగు, కుడివైపు కత్తిరించిన అంచు. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆ అంచున ఫ్లాస్కు పిడి కొంచెం మిగిలింది. ఇన్నేళ్ళుగా ఎవరికీ కనబడలేదు, నాకూ కనబడలేదు.

ఆవకాయ కాగితాలు హోటలు గదిలోనే వదిలేశాను. వాటిలో ఉన్నదంతా పాత కథే. వచ్చినవాళ్ళు నలభై మంది దాకా ఉన్నారు. స్థానికులు, కేరళవాళ్ళు, ఫిలిప్పీన్స్‌వాళ్ళు, మనవాళ్ళు ఇద్దరు ముగ్గురు. మల్లేశం గదిలో నా ఫోనులోకి తీసుకున్న పది మంది ఫోటోని తెర మీద పెట్టించి, కుడి చివర మనిషి దగ్గర మొదలుపెట్టాను. షేక్ ఖాజా, బోధన్ అన్నాను. తమ్ముడు పోయిన పొద్దున అతను ఎందుకు పైకెక్కాడో, మల్లేశం ఏం అడగలేదో, తర్వాత రోజూ ఏం చూస్తూ అడిగాడో చెప్పాను. నేను అడగని ప్రశ్న గురించి, కత్తిరించిన ఫోటో గురించి, సహకారం లేదని రాసుకున్న రోజు గురించి కూడా చెప్పాను. ఇంతకాలం నా ఉపన్యాసాల్లో జనం నవ్వేవాళ్ళు, చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ రోజు ఎవరూ కదల్లేదు.

చివర్లో ఒక బహ్రెయినీ ఆవిడ లేచింది. వాళ్ళ కంపెనీలో నా పుస్తకం చదివి ఎనిమిదేళ్ళుగా బోర్డు వాడుతున్నారట. "అయితే ఆ బోర్డు తీసేయాలా?" అని అడిగింది.

"ఉంచండి. దాని పక్కన ఒక మనిషిని నిలబెట్టండి. మొహం చూడగలిగే మనిషిని" అన్నాను.

ఆవిడ రాసుకుంది. తర్వాత రాసుకోవడం ఆపి, తన కింద పనిచేసే ఒక అమ్మాయి పోయిన నెలలో ప్రతి పొద్దునా నవ్వుమొహమే నొక్కిందని, ఆ నెలే ఉద్యోగం మానేసిందని చెప్పింది. ఎందుకు మానేసిందో తను అడగలేదంది. ఆ తర్వాత గంటసేపు నేను మాట్లాడాల్సిన పని పడలేదు. ఒకరి తర్వాత ఒకరు, తాము అడగని రోజుల గురించి చెప్పుకున్నారు. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఇంత మంచి తరగతి జరగలేదు. నా శాస్త్రం ప్రకారం దీన్నీ మంచి రోజుల లెక్కలోనే వేయాలి.

వెళ్ళే రోజు పొద్దున

విమానం పదకొండు గంటలకి. విమానాశ్రయం ఉన్న ముహర్రక్‌కి వెళ్ళే దారిలో కాస్త చుట్టు తిరిగి ఖాజా కొట్టు దగ్గర టాక్సీ ఆపించాను. ఇద్దరికీ చెప్పి వెళదామని. మల్లేశం అప్పటికే బుదైయా నుంచి బస్సులో వచ్చి కూర్చున్నాడు. గోంగూర కట్ట తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు. ఖాజా కుంకుమపువ్వు వేసిన ఇక్కడి హల్వా డబ్బా కొన్నాడు. మా ఆయనకట, చూడకపోయినా.

నిన్నటి సంగతి చెప్పాను. ఖాజా తన పేరు పూర్తిగా చెప్పానా అని అడిగాడు, ఊరు పేరుతో సహా చెప్పానన్నాను. కొట్టు సంగతి కూడా చెప్పానా అని అడిగాడు. చెప్పానంటే మల్లేశం వైపు చూసి తల ఊపాడు. మల్లేశం నా ఫోనులో ఉన్న పది మంది ఫోటోని చాలాసేపు చూశాడు.

టాక్సీ అతను హారన్ కొట్టాడు. లేచి సంచీ భుజాన వేసుకున్నాను. అప్పుడు మల్లేశం వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. పద్దెనిమిదేళ్ళ కిందట సైటులో నిలబడినట్టే, అంతే దూరంలో. ఈసారి ఆట పట్టించడం లేదు. నా మొహం చూస్తూ అడిగాడు.

"మేడం, ఇంటి కబురు మంచిదేనా?"

మంచిదే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అలవాటు అలాంటిది.

"లేదు మల్లేశం గారూ" అన్నాను. "రేపటి నుంచి నాకు పని లేదు. పొద్దున లేచి ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. భయంగా ఉంది."

ఈ మాట మా ఆయనకి కూడా చెప్పలేదు. వాళ్ళిద్దరూ ఇంకేమీ అడగలేదు, అది వాళ్ళ పద్ధతి. ఖాజా కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి టాక్సీ అతనికి ఏదో చెప్పి వచ్చాడు. నా భుజం మీంచి సంచీ తీసి బల్ల కింద పెట్టాడు. స్టూలు ముందుకు జరిపాడు.

"అయితే జెరసేపు కిందనే కూసోర్రి మేడం" అన్నాడు మల్లేశం.

విమానానికి ఇంకా టైముంది. కూర్చున్నాను. ఖాజా గిన్నె కింద మంట పెంచాడు.